పార్కిన్సన్స్‌లో మింగుడు కష్టమైతే తలకు మాగ్నెట్ సిట్టింగులు: చేయించాలా, ఆగాలా?

పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "మా నాయనకు 69 ఏళ్లు. పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఏడాదిగా నీళ్లు తాగితే పొలమారుతోంది. అన్నం తినడానికి గంట పడుతోంది. ఆరు కిలోలు తగ్గారు. ఒక సెంటర్‌లో తలకు మాగ్నెట్ పెట్టి 20 సిట్టింగులు చేస్తే మింగడం బాగవుతుందని, 60 వేలవుతుందని చెప్పారు. చేయించమంటారా? ప్రమాదమేమైనా ఉందా? ఇంకొకటి, నాయన రోజూ సంగటి అడుగుతున్నారు. పెట్టచ్చా?"

నేను తిరుపతిలో స్పీచ్ థెరపిస్టుని. ఇరవై ఏళ్లకు పైగా పక్షవాతం, పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల మింగుడు కష్టాలు చూస్తున్నాను. మాటలు నేర్పేవాళ్లకు మింగడంతో ఏం పని అని కొత్తగా వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ అడుగుతారు. నాలుక, పెదవులు, గొంతు, స్వరపేటిక మాటకీ కావాలి, గుటకకీ కావాలి. అందుకే ఈ పని మా చేతికి వచ్చింది.

మీకు ముందు చెప్పవలసింది ఒక్కటే. ఇప్పుడే 60 వేలు కట్టకండి. ఆ పద్ధతి బూటకమని కాదు, దాని వెనుక నిజమైన సైన్స్ ఉంది, నాకు దాని మీద ఆశ కూడా ఉంది. కానీ మీ ప్రశ్న మూడుసార్లు చదివాను. నాయన మింగేటప్పుడు గొంతులో ఏం జరుగుతోందో ఎవరైనా పరీక్ష చేసి చూశారన్న మాట ఎక్కడా కనిపించలేదు. అది చూడకుండా తలకు ఏ యంత్రం పెట్టినా, ఏం బాగుపడాలో, ఏం బాగుపడిందో ఎవరికీ తెలియదు.

మన ఇళ్లలో ఎవరికైనా పొలమారితే నడినెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటాం. పార్కిన్సన్స్ ఉన్న మనిషికి వారంలో నాలుగు రోజులు పొలమారుతుంటే ఆ మాటతో సరిపెట్టుకోకూడదు. అన్నవాహికలోకి పోవలసిన నీళ్లు ఊపిరి గొట్టం వైపు తప్పుతున్నాయి. మీ నాయనకు దగ్గు వస్తోంది, అంటే కాపలా ఇంకా మేలుకునే ఉంది. నాకు ఎక్కువ భయం దగ్గు రానివాళ్ల గురించే. పార్కిన్సన్స్‌లో గొంతు స్పర్శ మొద్దుబారుతుంది. నీళ్లు, మెతుకులు చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంటాయి, మనిషికి తెలియదు. నెదర్లాండ్స్ పరిశోధకులు అంతవరకూ వచ్చిన అధ్యయనాలను కలిపి 2012లో లెక్క తేల్చారు. "మీకు మింగడం కష్టంగా ఉందా?" అని అడిగితే పార్కిన్సన్స్ ఉన్నవారిలో దాదాపు 35 శాతం మంది అవునన్నారు. పరీక్ష చేసి చూస్తే 82 శాతం మందిలో ఏదో ఒక లోపం కనిపించింది. ఆ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్లు, అంటే లోపం ఉన్నా తమకు తెలియనివాళ్లు, చాలామంది న్యుమోనియాతో ఆసుపత్రికి వస్తారు. ఈ జబ్బు ఉన్నవారి మరణాలకు ముందు వరుసలో ఉండే కారణం కూడా అదే. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదటిసారి రాసినప్పుడే మింగడం కష్టం కావడం, జొల్లు కారడం రెండింటినీ వర్ణించాడు. రెండు వందల ఏళ్లు దాటినా ఇంకా అందరం చేతి వణుకునే చూస్తున్నాం.

జొల్లు గురించి ఒక మాట. నోట్లో లాలాజలం ఎక్కువ ఊరి జొల్లు కారడం లేదు. మామూలు మనిషి తెలియకుండానే నిమిషానికి ఒకటో రెండో గుటకలు వేస్తుంటాడు. వీళ్లకు ఆ గుటకలు తగ్గిపోతాయి. మీ నాయన తలగడ రోజూ తడుస్తుంటే అది కూడా మింగుడు సమస్య గుర్తే. డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు మెదడు సంగతికి వస్తాను. "సిండోపా వేసుకుంటే చేతులు, కాళ్లు ఆడుతున్నాయి కదా, గొంతు ఎందుకు ఆడదు?" అని చాలామంది అడుగుతారు. సిండోపా మాత్రలో ఉండే లెవోడోపా అనే మందు, ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనం కొరతను తీరుస్తుంది. కొందరికి మింగడం కూడా దానితో మెరుగవుతుంది. చాలామందికి చేతులకు వచ్చినంత మేలు గొంతుకు రాదు. మింగడం ఒక్క డోపమైన్ మీదే నడిచే పని కాదు. గుటక వరసను నడిపే కేంద్రం మెదడు కాండంలో, మెడుల్లా అనే అడుగు భాగంలో ఉంటుంది. జర్మనీకి చెందిన బ్రాక్ బృందం 2003లో చెప్పిన ప్రకారం పార్కిన్సన్స్ గుర్తులు ఆ కింది భాగంలోనే చాలా ముందుగా కనిపిస్తాయి. చేయి వణకడానికి ముందే అక్కడ జబ్బు మొదలై ఉండవచ్చు. అక్కడి లోపాన్ని మాత్ర అంతగా తీర్చలేదు.

అయితే మింగడంలో పైమెదడుకీ పాత్ర ఉంది. ముద్దను నమిలి, నాలుకతో వెనక్కి తోసి, "ఇప్పుడు మింగు" అని మొదలుపెట్టేది అదే. మాంచెస్టర్‌లో షాహీన్ హమ్దీ బృందం 1996లో మాగ్నెట్ పల్స్‌లతో మెదడు పైపొర మీద మింగే కండరాల పటం గీసింది. చేతికైతే ఎదుటి వైపు మెదడే యజమాని. మింగడానికి రెండు వైపులా చోటుంది, మనిషిని బట్టి ఒక వైపు కాస్త పెద్దది. పక్షవాతంలో ఒక వైపు దెబ్బతిన్నా కొందరు కొన్ని వారాల్లో మళ్లీ ఎందుకు మింగగలుగుతున్నారో దీనితో అర్థమైంది. బాగున్న వైపు పని పెంచుకుంటోంది. పార్కిన్సన్స్ విషయంలో నాకు ఎక్కువ ఆశ కలిగించింది జర్మనీలోని మ్యూన్‌స్టర్ బృందం 2013లో ప్రచురించిన పని. పార్కిన్సన్స్ ఉన్నా బాగానే మింగగలుగుతున్నవాళ్ల మెదడులో, మామూలుగా వాడే దారి నీరసించినప్పుడు పక్క భాగాలు పనిలోకి దిగడం వాళ్లు చూశారు. మింగలేకపోతున్నవాళ్లలో ఆ సర్దుబాటు కనిపించలేదు. అంటే మెదడు తనంతట తాను ఒక పక్కదారి వేసుకుంటోంది. ఆ దారి పడనివాళ్లకు బయటి నుంచి ఊతమివ్వగలమా అన్నదే ఈ యంత్రాల వెనుక ప్రశ్న.

యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. మీకు చెప్పిన మాగ్నెట్ పద్ధతి పేరు టీఎంఎస్. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం దీన్ని మొదటిసారి చూపించింది. తల మీద ఒక తీగచుట్ట పెడతారు. అందులో కరెంటు ఒక్క క్షణం పారితే అయస్కాంత క్షేత్రం పుట్టి, పుర్రె దాటి, రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకు మెదడు కణాల్లో చిన్న కరెంటును పుట్టిస్తుంది. కోత లేదు, మత్తు లేదు. టక్ టక్‌మని పెద్ద చప్పుడు వస్తుంది కాబట్టి చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్గులు పెట్టాలి. సెకనుకు ఐదు సార్లు, అంతకంటే వేగంగా పల్స్‌లు ఇస్తే సాధారణంగా ఆ భాగం చురుకు పెరుగుతుంది. సెకనుకు ఒకటి చొప్పున ఇస్తే తగ్గుతుంది.

రెండోది టీడీసీఎస్. ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజిలను తలకు కట్టి ఒకటి నుంచి రెండు మిల్లీ ఆంపియర్ల సన్నటి కరెంటు ఓ ఇరవై నిమిషాలు పంపుతారు. 2000లో జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షే, పౌలుస్ చూపించిన తరవాత ఇది విస్తరించింది. ఇది మెదడు కణాలను బలవంతంగా కదిలించదు. పనికి కాస్త సిద్ధంగా ఉంచుతుందంతే. పరికరం చిన్నది, తక్కువ ఖరీదు. అందుకే ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో పెట్టుకుందామా అని యువకులు అడుగుతున్నారు. దయచేసి వద్దు. స్పాంజి ఆరిపోతే చర్మం కాలుతుంది. ధన, రుణ ధ్రువాలు తారుమారైతే పెంచాలనుకున్నది తగ్గవచ్చు.

పార్కిన్సన్స్‌లో మింగుడు మీద మాగ్నెట్‌తో చేసిన వాటిలో నేను ఎక్కువగా చెప్పే అధ్యయనం ఈజిప్టులోని అస్యూట్ నుంచి 2019లో వచ్చింది. 33 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు సెకనుకు 20 పల్స్‌ల చొప్పున మెదడు రెండు వైపులా, వారానికి ఐదు రోజులు, మొత్తం పది రోజులు ఇచ్చారు. తరవాత మూడు నెలల పాటు నెలకు ఐదు బూస్టర్ సిట్టింగులు. రెండో గుంపుకు చప్పుడు ఉంది కానీ పని లేని ఉత్తుత్తి సిట్టింగులు. ఎవరు ఏ గుంపో రోగులకు తెలియదు, కొలిచేవాళ్లకూ తెలియదు. నిజం సిట్టింగులు అందినవాళ్లకు మింగుడు స్కోర్లు మెరుగుపడ్డాయి, మూడు నెలల దాకా ఆ మేలు నిలిచింది.

మంచి కబురే. కానీ నిదానంగా చదవాలి. 33 మంది అంటే ఒక పల్లె వెలుగు బస్సులో పట్టేంతమంది. వాళ్లు తీగచుట్ట పెట్టింది చేతి కదలికలు చూసే భాగం మీద. మింగే భాగం మీద కాదు. అంటే ఎక్కడ పెట్టాలి, ఎంత వేగంతో, ఎన్ని రోజులు అన్నది ఇంకా తేలలేదు. ఈ యంత్రాలతో మింగుడు మీద జరిగిన పనిలో పెద్ద భాగం పక్షవాతం రోగుల మీద జరిగింది. పక్షవాతంలో దెబ్బ ఒక్కసారి తగిలి ఆగుతుంది, మిగిలిన మెదడు కోలుకునే దారిలో ఉంటుంది. పార్కిన్సన్స్ ఏడాదికేడాది నడుస్తూ పోయే జబ్బు. అక్కడి ఫలితాన్ని తెచ్చి ఇక్కడ "గ్యారంటీ" అనడం న్యాయం కాదు. టీఎంఎస్‌కు అమెరికాలో 2008లోనే డిప్రెషన్ చికిత్సగా అనుమతి వచ్చింది. మన దగ్గర ఉన్న యంత్రాలూ ఎక్కువగా ఆ పనికి కొన్నవే. పార్కిన్సన్స్‌లో మింగుడు కష్టానికి మాత్రం ఇది ఇంకా ప్రామాణిక చికిత్స కాలేదు, పరిశోధన దశలోనే ఉంది. మీకు "20 సిట్టింగుల్లో మింగడం బాగవుతుంది" అన్నవారు ఈ మాట కూడా చెప్పి ఉండాల్సింది.

పార్కిన్సన్స్‌లో నమ్మకం బలం కూడా మామూలుది కాదు. కెనడాలోని వాంకూవర్ పరిశోధకులు 2001లో చూపించారు: మందు అనుకుని ఉత్త సెలైన్ ఎక్కించినా ఈ రోగుల మెదడులో నిజంగానే డోపమైన్ విడుదలైంది. పెద్ద యంత్రం, ఏసీ గది, తెల్లకోటు, పక్కన కొడుకు, 60 వేల ఖర్చు. ఇవన్నీ కలిస్తే మొదటి వారం మనిషి హుషారవుతాడు. ఆ మేలు అబద్ధం కాదు, కానీ అది యంత్రం వల్ల వచ్చిందో, నిలుస్తుందో చెప్పాలంటే ముందూ తరవాతా కొలత ఉండాలి. నేను మొదట్నుంచీ పరీక్ష, పరీక్ష అంటున్నది ఇందుకే.

కొన్నేళ్ల కిందటి సంగతి. చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. అప్పటికి ఒక ఊళ్లో, ఒక సెంటర్‌లో 12 సిట్టింగులు అయ్యాయి. మొదటి వారం మాట గట్టిగా వస్తోందని, నడక బాగుందని ఇంట్లో సంతోషపడ్డారు. మూడో వారం జ్వరం, ఆయాసం. ఆసుపత్రిలో చేరిస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా. సిట్టింగుల వల్ల న్యుమోనియా రాలేదు. ఆ మూడు వారాలూ ఆయన అలవాటు ప్రకారం తల వెనక్కి వాల్చి, చెంబు ఎత్తి పోసుకుని నీళ్లు తాగుతూనే ఉన్నారు. అలా తాగవద్దని ఆ సెంటర్‌లో ఒక్కరూ చెప్పలేదు, ఆయన ఎలా తాగుతారో ఒక్కరూ అడగలేదు. తల వాలిస్తే గొంతు నిటారు గొట్టమవుతుంది. ఊపిరి గొట్టం మూత పడేలోపే నీళ్లు కిందికి దూకుతాయి. ఎంగిలి కాకూడదని మనం చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మంచి అలవాటే ఈ జబ్బులో అన్నిటికంటే ప్రమాదమైన భంగిమ. ఆయన భార్య "మాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే గ్లాసు ఇచ్చేదాన్ని కదమ్మా" అని మా గదిలో కూర్చుని ఏడ్చారు. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది. మీ నాయన చెంబుతో తాగుతుంటే ఈ సమాధానం మిగతాది తరవాత చదవండి, ముందు వెళ్లి గ్లాసు ఇవ్వండి.

ఇంకో అనుభవం దీనికి ఎదురుగా ఉంటుంది. పుత్తూరు వైపు ఒకావిడ, 64 ఏళ్లు. పార్కిన్సన్స్‌తో పాటు దిగులు ఎక్కువై వేరే నగరంలో డిప్రెషన్ కోసమే టీఎంఎస్ చేయించుకున్నారు. వెళ్లేముందే గొంతు పరీక్ష అయింది. అభ్యాసాలు నేర్పి పంపాను. ప్రతి సిట్టింగు అయ్యాక గదికి రాగానే అరగంట మింగే అభ్యాసం చేయించేది కోడలు. నెల తరవాత మళ్లీ పరీక్ష చేస్తే గొంతులో ముద్ద మిగిలిపోవడం బాగా తగ్గింది. యంత్రం ఎంత పని చేసింది, అభ్యాసం ఎంత చేసింది, దిగులు తగ్గి నాలుగు మెతుకులు తినాలనిపించడం ఎంత చేసింది, నేను విడదీసి చెప్పలేను. కానీ ఎవరైనా చేయించుకుంటే ఇలాగే చేయించుకోవాలని మాత్రం గట్టిగా చెప్తాను. ఒక సిట్టింగు తరవాత మెదడు కణాల్లో వచ్చే చురుకు సాధారణంగా అరగంట నుంచి గంట దాకా ఉంటుంది. వాన పడిన అదునులో విత్తనం వేసినట్టు ఆ గంటలోనే మింగే అభ్యాసం జరగాలి. సిట్టింగు చేసి, బిల్లు కట్టించుకుని, బస్సెక్కించి పంపేస్తే ఆ అదును దారిలోనే పోతుంది.

కాబట్టి ఆ సెంటర్‌కు వెళ్లి ఇవి అడగండి. మొదలుపెట్టే ముందు, అయిపోయాక మింగుడును దేనితో కొలుస్తారు? చేతి బొటనవేలు కదలడానికి మాగ్నెట్ ఎంత బలంగా ఉండాలో చూసి దాన్ని బట్టి మోతాదు పెడతారా, లేక అందరికీ ఒకటేనా? సిట్టింగు పక్కనే మింగే అభ్యాసం చేయించే స్పీచ్ థెరపిస్టు ఉన్నారా? మాత్ర పని చేస్తున్న సమయంలో చేస్తారా? ఫిట్స్ వస్తే చూసుకునే డాక్టరు ఆ గదికి అందుబాటులో ఉంటారా? పది సిట్టింగులకు మార్పు లేకపోతే ఆపి మిగతా డబ్బు వెనక్కి ఇస్తారా? వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పే చోటైతే ఆలోచించండి. విసుక్కుంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ప్రమాదం గురించి అడిగారు. సరిగ్గా ఎంచుకున్న మనిషికి, సరైన మోతాదులో, రెండు పద్ధతులూ చాలావరకు సురక్షితమే. టీఎంఎస్‌లో తలనొప్పి, నెత్తి చర్మం నొప్పి రావచ్చు. ఫిట్స్ చాలా అరుదు, కానీ రాదని అనలేం. టీడీసీఎస్‌లో దురద, మంట, చర్మం ఎర్రబడటం. తలలో లోహపు క్లిప్పులు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, పార్కిన్సన్స్‌కు ఆపరేషన్ చేసి మెదడులో పెట్టే డీబీఎస్ తీగలు, గుండెకు పేస్‌మేకర్, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన చరిత్ర, ఫిట్స్ తెప్పించగల మందులు. వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. వీటిలో చాలావాటికి మాగ్నెట్ పెట్టనే కూడదు. మీ నాయన పాత ఆపరేషన్ కాగితాలు ఇంట్లో ఎక్కడున్నాయో వెతకండి. 1990ల్లో ఎక్కడో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయని, లోపల ఏం పెట్టారో తెలియదని చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు.

డబ్బు కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ప్రయాణం. పలమనేరు నుంచి వరసగా రోజూ పెద్ద నగరానికి తీసుకెళ్లి తీసుకురావడం 69 ఏళ్ల పార్కిన్సన్స్ మనిషికి చిన్న శిక్ష కాదు. మాత్ర టైము తప్పుతుంది, దారిలో తిండి హడావిడిగా జరుగుతుంది, పొలమారడం ఎక్కువవుతుంది. చేయించేటట్టయితే ఆ ఊళ్లోనే రూము తీసుకుని ఉండేలా చూసుకోండి.

అంతకంటే ముందు చేయవలసింది పరీక్ష. ముక్కు ద్వారా సన్నటి కెమెరా గొట్టం పంపి, రంగు కలిపిన తిండి మింగిస్తూ గొంతును చూసే పరీక్షను ఫీస్ (FEES) అంటారు. బేరియం కలిపిన తిండిని మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసేది ఇంకొకటి. రెండిట్లో ఏది దొరికినా చాలు. మీ ప్రాంతం నుంచి తిరుపతి స్విమ్స్, రుయా, వెల్లూరు సీఎంసీ, బెంగళూరు నిమ్హాన్స్ అందుబాటులో ఉన్నాయి. న్యూరాలజీ, ఈఎన్‌టీ విభాగాలకు ముందుగా ఫోన్ చేసి ఈ పరీక్ష ఏ రోజు చేస్తారో కనుక్కుని వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ నాయన ఒక పూట భోజనం మొత్తం ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసి పట్టుకెళ్లండి. ఆసుపత్రిలో అందరి ముందు మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని తింటాడు. ఇంట్లో ఎలా తింటాడో ఆ వీడియో చెప్తుంది.

మాత్రల సంగతి న్యూరాలజిస్టుతో మాట్లాడండి. మాత్ర వేసిన అరగంట, ముప్పావుగంటకు భోజనం పడితే, అది పని చేసే సమయంలో నాలుక, దవడ ఆడతాయి. మన ఇళ్లలో పప్పు ముద్ద తిని ఆ వెంటనే మాత్ర వేస్తారు. పప్పులోని మాంసకృత్తులు లెవోడోపా దారికి అడ్డం పడతాయి. ఇది ఖర్చు లేని మార్పు, ఒక్కొక్కరికి దీనితోనే భోజనం గంట నుంచి అరగంటకు దిగడం చూశాను. మింగలేకపోతున్నారని సీఆర్ అని రాసి ఉన్న మాత్రలను దంచి ఇవ్వకండి, అవి మెల్లగా కరిగేలా చేసినవి. వాంతులకని మెడికల్ షాపులో మెటోక్లోప్రమైడ్ ఇస్తే తీసుకోకండి, పార్కిన్సన్స్‌ను ముదరబెడుతుంది. దూలగొండి పొడి గురించి కూడా ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. దూలగొండి గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. అందుకే డాక్టరుకు చెప్పకుండా మాత్రలతో కలిపి వాడకూడదు, మోతాదు ఎక్కువై ఒళ్లు మెలికలు తిరుగుతుంది.

అభ్యాసాల్లో బలమైన రుజువు ఉన్నది ఊపిరి బయటికి ఊదే అభ్యాసం. ఫ్లోరిడాలో 60 మంది పార్కిన్సన్స్ రోగులతో చేసి 2010లో ప్రచురించారు. ఊదే గాలికి అడ్డం ఉన్న చిన్న గొట్టంలోకి గట్టిగా ఊదాలి, రోజుకు 25 ఊదులు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాలు. నిజమైన పరికరం వాడినవాళ్లకు తిండి ఊపిరి గొట్టంలోకి తప్పడం తగ్గింది. రోగుల లెక్కలో చూసినా, చేసిన తీరులో చూసినా ఇది మాగ్నెట్ అధ్యయనం కంటే గట్టిది, ఖర్చులో దానికి దరిదాపుల్లో లేదు. బీపీ ఎక్కువ ఉన్నా, హెర్నియా ఉన్నా డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. బెలూన్ ఊదించి సరిపెట్టుకోకండి. అడ్డం ఎంత గట్టిగా ఉండాలో మీ నాయన ఊదే బలాన్ని కొలిచి పెట్టాలి. దానితో పాటు గొంతంతా బిగించి గట్టిగా గుటక వేయడం లాంటివి పరీక్ష చూశాక మీ థెరపిస్టు నేర్పుతారు. గడ్డం దించి మింగమని అందరికీ ఒకే మంత్రం చెప్పేవాళ్లున్నారు. 2008లో అమెరికాలో పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులున్న 711 మంది మీద చూస్తే గడ్డం దించడం కొందరికి పనికొచ్చింది, తేనె చిక్కదనం ఉన్న ద్రవాలు ఇంకా ఎక్కువమందికి పనికొచ్చాయి, రెండూ పనికిరానివాళ్లు కూడా చాలామంది ఉన్నారు. మీ నాయన ఏ గుంపో కెమెరానే చెప్పాలి.

నోటి శుభ్రత గురించి నేను ప్రతి ఇంటివాళ్లనూ బతిమాలుతాను. తప్పిపోయిన ప్రతి చుక్కా న్యుమోనియా కాదు, మురికి నోటి నుంచి తప్పిన చుక్క అవుతుంది. జపాన్ వృద్ధాశ్రమాల్లో రోజూ పళ్లు తోమించినచోట న్యుమోనియాలు తగ్గాయని రుజువైంది. రాత్రి పడుకునే ముందు తప్పకుండా తోమించండి, కట్టుడు పళ్లు తీసి కడగండి. తిన్నాక అరగంట కూర్చోబెట్టండి. వెంటనే మంచమెక్కించకండి. జ్వరం, ఆయాసం, గొంతు గరగర కలిసి వస్తే మర్నాటి దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక సంగటి. మీ ప్రశ్నలో నన్ను బాగా తాకింది ఇదే. జీవితమంతా సంగటి తిన్న మనిషికి ఆ ముద్ద ఆపేస్తే తిండి మీద మనసే పోతుంది. ఆరు కిలోలు తగ్గిన మనిషికి అది కూడా ప్రమాదమే. కానీ మన సంగటిని నమలం. ముద్ద తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగుతాం. దానికి బలమైన నాలుక తోపు కావాలి. ఆ తోపు తగ్గిన గొంతులో సంగటి అంటుకుని నిలిచిపోతుంది, ఊపిరి ఆడనంత పని కూడా చేయవచ్చు. కాబట్టి గట్టి ముద్ద వద్దు. నూక లేకుండా రాగిపిండి ఒక్కటే ఉడికించి, వడకట్టిన మెత్తటి పప్పు, కాస్త నెయ్యి కలిపి, చెంచాతో తీసుకునేలా చేయండి. చెంచా వంచితే ఒక్క ముద్దగా జారి పడాలి. చెంచాకే అంటుకుని ఉంటే గొంతుకూ అంటుకుంటుంది, ఇంకాస్త పలచన చేయండి. అలాగని నీళ్లూ మెతుకులూ వేరువేరుగా ఉండే మజ్జిగన్నం, చారన్నం మాత్రం పెట్టకండి. అవి రెండు రకాలుగా జారి గొంతును గందరగోళం చేస్తాయి. ఊరుబిండి పచ్చడి పలుకులుగా ఉంటే వద్దు, వెన్నలా నూరితే కొంచెం నాకించవచ్చు.

పరీక్ష అయ్యేదాకా ఇది కూడా మాత్ర పని చేసే వేళలోనే, నిటారుగా కూర్చోబెట్టి, టీవీ కట్టేసి, సగం చెంచా చొప్పున పెట్టండి. ఒక ముద్దకు రెండు గుటకలు వేయించండి. తరవాత "ఆ..." అనమనండి. గొంతు పొడిగా, మామూలుగా పలికితే ఇంకో సగం చెంచా. నీళ్లలో మాట్లాడినట్టు తడిగా పలికితే దగ్గించి, ఇంకో గుటక వేయించి చూడండి. అప్పటికీ తడిగానే ఉంటే ఆ పూటకు సంగటి ఆపేయండి.